కమిటీ వచ్చింది, దర్శనం చేసుకుంది, వెళ్లింది... అంతేనా?

పోయిన నెల ఈ శీర్షికలో శాసనసభ కమిటీల గురించి ఒక చిన్న ప్రశ్నకు జవాబిస్తూ, ఇంకా సందేహాలుంటే రాయమన్నాం. రాయమన్నదే ఆలస్యం, వచ్చిన ఉత్తరాల్లో సగం తిట్లే. కమిటీలంటే కాన్వాయ్‌లు, శాలువాలు, లడ్డూ సంచులు అని మన ఊళ్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది, అది ఊరికే రాలేదు కూడా. తిట్లు పక్కన పెట్టి ప్రశ్నలున్న ఉత్తరాలు కొన్ని తీసుకున్నాం. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: సార్, మాది బైరాగిపట్టెడ. ఏదో ఒక కమిటీ తిరుపతికి వస్తూనే ఉంటుంది. మర్నాడు పేపర్లో రంగనాయకుల మండపంలో పట్టువస్త్రం కప్పించుకున్న ఫొటో. ఆ తర్వాత ఆ కమిటీ ఊసే ఉండదు. అసలు వీళ్లు చేసే పని ఏంది? – రిటైర్డ్ టీచర్, తిరుపతి

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది మాస్టారూ. కానీ ఇక్కడికొచ్చే కమిటీకి మామూలుగా రెండు కార్యక్రమాలుంటాయి, ఒకటి కొండ మీద, ఒకటి కొండ కింద. కొండ మీదిది ఫొటోల్లో పడుతుంది, కిందిది పడదు, ఎందుకంటే అక్కడికి విలేకరుల్ని రానివ్వరు. నేను రిపోర్టర్‌గా తిరిగే రోజుల్లో మేమంతా కలెక్టరేట్ వరండాలో నిలబడి టీ మీద టీ తాగుతూ ఉండేవాళ్లం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరో ఒక డీఈ (డిప్యూటీ ఇంజనీర్) కర్చీఫ్‌తో మెడ తుడుచుకుంటూ బయటికి వచ్చేవాడు, ఫోన్ చెవికి పెట్టుకుని "మూడో బీరువాలో చూడబ్బా, ఎర్ర టేపు కట్టిన ఫైలు, ఫొటో తీసి వాట్సాప్ పెట్టు బిరాన" అని కేకలు పెట్టి మళ్లీ లోపలికి పరిగెత్తేవాడు. లోపల ఏం జరుగుతుందో ఆ కేకల్ని బట్టే ఊహించుకోవాలి. కమిటీ పని అంటే అదే, నిజానికి. ఫలానా కాలువకు ఇంత ఖర్చన్నారు కదా, ఫైలు తెండి, ఎందుకు ఆలస్యమైంది, ఎవరు సంతకం పెట్టారు, బిల్లు ఎప్పుడు పాస్ చేశారు అని ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు ఒక అధికారిని కూర్చోబెట్టి అడగడం.

సభలో 175 మంది ఉంటారు, టీవీ ఉంటుంది, అక్కడ ప్రశ్నకు జవాబు రెండు నిమిషాల్లో తేలిపోవాలి, తేలకపోతే గొడవవుతుంది. కమిటీలో పదీపన్నెండు మంది ఉంటారు, టీవీ ఉండదు, వేర్వేరు పార్టీలవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు, కాబట్టి ఒకే పేరా మీద గంట సేపు నిలదీయొచ్చు. పద్దుల కమిటీ (పీఏసీ) లెక్కలు చూస్తుంది, అంచనాల కమిటీ ఖర్చు ఎక్కడ తగ్గించొచ్చో చూస్తుంది, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ (పీయూసీ) కార్పొరేషన్ల పని చూస్తుంది, ఇంకా పిటిషన్లకు, హామీలకు, సభా హక్కులకు వేరువేరుగా కమిటీలున్నాయి. అసలు విచారణ చాలావరకు వెలగపూడిలోనే జరుగుతుంది. మన దగ్గరికి వచ్చేది క్షేత్ర పరిశీలనకు.

ఇక్కడే నా అభ్యంతరం కూడా చెప్తా. పరిశీలన అని వచ్చి మధ్యాహ్నం రెండు గంటల్లో నాలుగు శాఖల్ని చుట్టేసి, సాయంత్రం విమానానికి రేణిగుంట పోతే అది పరిశీలన కాదు. దర్శనం చేసుకోవద్దని ఎవరూ అనరు, తిరుపతి దాకా వచ్చి చేసుకోకపోతేనే వింత. కింద ఏం అడిగారో, ఏ జవాబు వచ్చిందో ఒక పేజీ నోటు పత్రికలకిస్తే మీకు ఈ ఉత్తరం రాసే అవసరం ఉండేది కాదు.

ఇంకో మాట. 2025 సెప్టెంబర్ 14, 15 తేదీల్లో మన ఊళ్లో పార్లమెంటు, రాష్ట్రాల మహిళా సాధికారత కమిటీల జాతీయ సదస్సు జరిగింది, లోక్‌సభ స్పీకర్ ఓం బిర్లా వచ్చారు. కొందరు దాన్ని కూడా ఈ లెక్కలో కలిపి రాశారు. అది సదస్సు, విచారణ కాదు. అక్కడ ఎవరినీ సాక్షిగా పిలిచి ప్రశ్నించరు.

ప్రశ్న: అన్నా, మాది బంగారుపాళెం పక్కన పల్లె. 2025లో తోతాపురి మామిడి రేటు పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇస్తామన్నారు. నేను కాయ తోలిన ఫ్యాక్టరీ 8 ఇవ్వలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి అలిసిపోయినాం. అసెంబ్లీ కమిటీకి పెట్టుకోవచ్చా? పెట్టుకుంటే డబ్బులొస్తాయా? – మామిడి రైతు

జవాబు: పెట్టుకోవచ్చు. డబ్బులొస్తాయా అంటే, కమిటీ నేరుగా ఇప్పించలేదు. అది కోర్టు కాదు, ఫ్యాక్టరీకి "ఫలానా తేదీలోగా కట్టు" అని ఆర్డరు వేయలేదు. అది చేయగలిగేది వేరే. ఉద్యానశాఖ, మార్కెటింగ్ శాఖ అధికారుల్ని పిలిపించి, "8 రూపాయలు ఇస్తారని చెప్పింది మీరే కదా, ఎంతమంది ఇచ్చారు, ఇవ్వనివాళ్ల మీద ఏం చేశారు, పట్టిక తెండి" అని అడగగలదు. ఆ పట్టిక ఒకసారి కాగితం మీదికి వచ్చిందంటే, దాన్ని పట్టుకుని మీరు ఎక్కడికైనా పోవచ్చు. ఇప్పుడు మీ ఇబ్బంది అదే కదా, ఎవరిని అడిగినా నోటి మాటే.

మీకు సరిపోయేది పిటిషన్ల కమిటీ. రాసేటప్పుడు "నాకు రావాల్సిన డబ్బు" అని రాయకండి. ఒక మనిషి బాకీ వసూలుకు వేరే దారులున్నాయి కదా అని పక్కన పెట్టేస్తారు. చట్టం ప్రకారం ఇంకో చోట పరిష్కారం దొరికే విషయాలు, కోర్టులో నడుస్తున్న విషయాలు పిటిషన్లుగా తీసుకోకపోవడం పార్లమెంటులో నిబంధనగానే ఉంది. కాబట్టి మీ మండలంలో ఇదే ఇబ్బంది పడ్డ రైతులందరి తరఫున రాయండి. ప్రకటించిన రేటు అమలును ప్రభుత్వం ఎలా పర్యవేక్షించింది, ఇక ముందు సీజన్లలో ఏం ఏర్పాటు చేస్తుంది, ఈ రెండే అడగండి.

పిటిషన్ అంటే అర్జీ లాంటిదే గానీ దాని పద్ధతి వేరు. సభను సంబోధిస్తూ రాయాలి, మంత్రిని కాదు. మొదట ఎవరు రాస్తున్నారో, తర్వాత జరిగింది ఏమిటో, చివర్లో సభను ఏం చేయమని కోరుతున్నారో ఒక్క వాక్యంలో. సంతకం పెట్టిన ప్రతి మనిషి పేరు, పూర్తి అడ్రసు ఉండాలి. వేలిముద్ర వేసేవాళ్లుంటే సాక్షి సంతకం తీసుకోండి. భాష మర్యాదగా ఉండాలి, ఇది కూడా నిబంధనే. మీ ఉత్తరంలో ఫ్యాక్టరీ వాళ్ల గురించి మీరు వాడిన రెండు మాటలు ఇక్కడ వేయలేదు, పిటిషన్‌లో కూడా వేయకండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. లోక్‌సభ పిటిషన్‌కు ఉత్తరాలు, అఫిడవిట్లు జత చేయకూడదు. మనవాళ్లు అర్జీ అంటే కింద ఇరవై జిరాక్సులు కుడతారు, అక్కడ అది పనికిరాదు. లోక్‌సభకు తెలుగులో రాస్తే దానికి ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం ఉండాలి, దాని మీదా మీ సంతకం ఉండాలి. అసెంబ్లీకి ఆ బాధ లేదు, తెలుగులోనే రాయండి, నియమాలు ఒకసారి అసెంబ్లీ సచివాలయంలో కనుక్కోండి. మీ ఎమ్మెల్యే ద్వారా పంపితే బలం ఎక్కువ. ఏ పార్టీ ఎమ్మెల్యే అయినా సరే, మామిడి విషయంలో మన జిల్లాలో ఎవరూ కాదనరు.

అయితే తూకం చీటీలు, టోకెన్లు, బ్యాంకులో 4 రూపాయల లెక్క పడిన పాస్‌బుక్ పేజీ, ఇవన్నీ జత చేయకపోయినా దగ్గర పెట్టుకోండి. కమిటీ పిలిస్తే, లేదా జిల్లాకు వస్తే, అప్పుడు బల్ల మీద పెట్టాల్సింది అవే. ఎన్ని టన్నులు, ఏ తేదీన, కిలోకు ఎంత పడింది అని రైతుకో వరుస చొప్పున ఒక తెల్ల కాగితం మీద రాసుకోండి. కమిటీ ముందు అరగంట గోడు చెప్పుకున్నదానికన్నా ఆ ఒక్క కాగితం ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే అధికారి దాన్ని కాదనాలంటే తన కాగితం తేవాలి.

ప్రశ్న: మా ఊరి బ్రిడ్జి గురించి అసెంబ్లీలో మా ఎమ్మెల్యే అడిగితే మంత్రిగారు "పరిశీలించి చర్యలు తీసుకుంటాం" అన్నారు. టీవీలో చూసి ఊరంతా సంబరపడ్డాం. ఇప్పటికీ ఒక్క తట్ట మన్ను పడలేదు. ఆ మాటకు విలువ లేదా? – పలమనేరు పాఠకుడు

జవాబు: ఉంది, నిజంగానే ఉంది. సభలో మంత్రి ఇచ్చిన మాటలు ఏరి, అమలయ్యాయా లేదా అని చూడటానికి హామీల కమిటీ అని ఒకటి ఉంటుంది. లోక్‌సభలో ఇది 1953 నుంచీ ఉంది. అక్కడ ఏ మాటను హామీగా లెక్కించాలో ఒక జాబితా కూడా పెట్టుకున్నారు. "పరిశీలనలో ఉంది", "విచారిస్తాను", "వివరాలు తెప్పించుకుంటున్నాం" లాంటివన్నీ అందులోకి వస్తాయి. మనం చేతులు దులుపుకునే మాటలు అనుకునేవే అక్కడ హామీలు! హామీ ఇచ్చిన మూడు నెలల్లో నెరవేర్చాలని పార్లమెంటు నియమం, గడువు కావాలంటే కమిటీని అడగాలి.

కాబట్టి ఊరికే ఎమ్మెల్యేను నిందించకుండా, ఆయన దగ్గరికి పోయి ఆ రోజు సభా కార్యక్రమాల్లో మంత్రి అన్న మాట తేదీతో సహా తీయించండి, దాన్ని హామీల కమిటీ జాబితాలో చేర్చారో లేదో అడగమనండి. చేర్చకపోతే చేర్చమని ఉత్తరం రాయించండి. "మా బ్రిడ్జి ఏమైంది" అని అడిగితే వచ్చే జవాబు ఒకటి, "ఫలానా తేదీన ఇచ్చిన హామీ ఏ స్థితిలో ఉంది" అని అడిగితే వచ్చే జవాబు ఇంకొకటి. రెండోదానికి శాఖ నుంచి రాతపూర్వకంగా రావాలి.

ప్రశ్న: పుంగనూరు ఎమ్మెల్యేకి పీఏసీ ఛైర్మన్ పదవి ఇవ్వకపోవడం న్యాయమా? సూటిగా చెప్పండి. – పుంగనూరు

జవాబు: సూటిగా చెప్పే ముందు లెక్క చెప్పాలి. పీఏసీలో 12 మంది, అసెంబ్లీ నుంచి 9, మండలి నుంచి 3. వాళ్లను దామాషా పద్ధతిలో ఎన్నుకుంటారు. 175 మంది ఓటేసి 9 మందిని ఎన్నుకోవాలంటే ఒక్కో సభ్యుడికి దాదాపు 18 ఓట్లు కావాలి. 2024లో వైఎస్సార్‌సీపీకి ఉన్నది 11. ఆ పార్టీ తరఫున మీ పుంగనూరు ఎమ్మెల్యే పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి నామినేషన్ వేశారు, ఆ తర్వాత నవంబర్‌లో ఎన్నిక రోజున ఆ పార్టీ ఓటింగును బహిష్కరించింది. జనసేన భీమవరం ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు ఛైర్మన్ అయ్యారు. ఇది లెక్క.

ఆనవాయితీ వేరు. లోక్‌సభలో 1967లో మీనూ మసానీతో మొదలుపెట్టి పీఏసీ ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికే ఇస్తున్నారు. మన రాష్ట్రంలోనూ 2014 తర్వాత భూమా నాగిరెడ్డి, బుగ్గన రాజేంద్రనాథ్, 2019 తర్వాత పయ్యావుల కేశవ్, అందరూ ఎన్నికైనప్పుడు ప్రతిపక్షంలో ఉన్నవాళ్లే. (ఆ కేశవ్ గారే ఇప్పుడు ఆర్థికమంత్రి. అడిగే కుర్చీ నుంచి జవాబు చెప్పే కుర్చీకి వచ్చారన్నమాట.)

నా అభిప్రాయం అడిగారు కాబట్టి: పాలకపక్షం తన దగ్గరున్న ఓట్లు కొన్ని సర్ది ప్రతిపక్షం మనిషిని గెలిపించి ఉండొచ్చు, దానివల్ల ప్రభుత్వానికి పోయేదేమీ లేదు. ప్రతిపక్షం బహిష్కరించకుండా ఓడిపోయేదాకా నిలబడి ఉండొచ్చు, అది రికార్డులో ఉండేది. మనిషి ఎవరన్నది నాకు ముఖ్యం కాదు. సర్కారు లెక్కల్ని సర్కారులో భాగస్వామి అయిన పార్టీ మనిషి చూడటం మాత్రం నాకు రుచించదు, 2024లో అయినా ఇంకెప్పుడైనా.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడ సెనేట్ హియరింగులు యూట్యూబ్‌లో చూపిస్తుంటాడు, పెద్ద పెద్ద కంపెనీల సీఈఓలు చెయ్యెత్తి ప్రమాణం చేసి చెమటలు కక్కుతూ కూర్చుంటారు. మన దగ్గర అలా లైవ్ ఎందుకు పెట్టరు? – గృహిణి, చిత్తూరు

జవాబు: అమ్మా, అక్కడి పద్ధతి వేరు. అమెరికాలో కాంగ్రెస్ కమిటీ విచారణలు మామూలుగా బహిరంగంగానే జరుగుతాయి, 1973లో వాటర్‌గేట్ విచారణను దేశమంతా టీవీలో చూసింది. మన పార్లమెంటు కమిటీలు మూసిన తలుపుల వెనుక కూర్చుంటాయి, సాక్షి చెప్పింది నివేదిక సభ ముందుకు వచ్చేదాకా రహస్యమే. ఇంకో తేడా, అక్కడ మంత్రుల్ని కూడా పిలుస్తారు. పీఏసీ లాంటి మన ఆర్థిక కమిటీలు మంత్రిని పిలవవు, శాఖ కార్యదర్శిని పిలుస్తాయి. ప్రమాణం చేయించే అధికారం మన కమిటీలకూ ఉంది.

తలుపులు మూయడం వల్ల లాభం లేదని నేను అనను. కెమెరా ఉంటే మనవాళ్లు ఎలా మాట్లాడతారో అసెంబ్లీ లైవ్‌లో చూస్తున్నాం కదా. మీ అబ్బాయి చూపించే వీడియోల్లో కూడా గమనించండి, ప్రతి సభ్యుడికి ఐదు నిమిషాలిస్తే అందులో నాలుగు నిమిషాలు తన ఊరి ఓటర్ల కోసం ఉపన్యాసమిచ్చి, చివర్లో ఒక ప్రశ్న వేసి, జవాబు పూర్తికాకుండానే "నా టైం అయిపోయింది" అంటారు. మన కమిటీ గదిలో అధికార పార్టీ సభ్యుడే సొంత ప్రభుత్వం అధికారిని గట్టిగా అడిగిన సందర్భాలు ఉన్నాయంటే, అక్కడ కెమెరా లేకపోవడం వల్లే.

కానీ నివేదిక వచ్చాక కూడా దాచడం దేనికి? పార్లమెంటు నివేదికలు వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, వెతికితే. రాష్ట్రాల దగ్గరకు వచ్చేసరికి ఆ వెతుకులాటే పెద్ద పనైపోతుంది. 2022 మార్చిలో మన తిరుపతి ఎమ్మెల్యేగా ఉన్న భూమన కరుణాకరరెడ్డి అధ్యక్షతన డేటా చోరీ ఆరోపణల మీద సభా సంఘం వేశారు, ఆ సెప్టెంబర్‌లో మధ్యంతర నివేదిక సభ ముందు పెట్టారు, దాని మీద రెండు పక్షాలూ టీవీల్లో గంటల తరబడి కొట్లాడుకున్నాయి. ఆ నివేదిక పేజీలు తిప్పి చూసినవాళ్లు మన ఊళ్లో ఎంతమంది? విలేకరుల్ని కూడా కలిపే అడుగుతున్నా.

ప్రశ్న: శ్రీకాళహస్తి దగ్గర ఒక ఇంజనీరింగ్ శాఖ ఆఫీసులో సూపరింటెండెంట్‌ని. మా డివిజన్ మీద కాగ్ (ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే సంస్థ) రిపోర్టులో ఒక పేరా వచ్చింది, పాత పని, అప్పటి ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) రిటైరయ్యారు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఇంకో జిల్లాలో ఉన్నారు. ఇప్పుడు పీఏసీకి జవాబు తయారుచేయమని నా మీద పడేశారు. ఒకటే టెన్షన్, నిద్ర పట్టడం లేదు. నన్ను కూడా పిలుస్తారా? – పేరు వద్దు మేడమ్/సార్

జవాబు: ముందు నిద్రపోండమ్మా. పీఏసీ ముందు సాక్షిగా కూర్చునేది శాఖ కార్యదర్శి, పక్కన ఈఎన్‌సీ (ఇంజనీర్-ఇన్-చీఫ్) లాంటి పెద్దలు. మీరు వెళ్లాల్సి వచ్చినా వెనక వరసలో ఫైళ్లతో కూర్చుంటారు, ముందునుంచి ఎవరైనా తల తిప్పి "ఆ ఎంబుక్ (కొలతల పుస్తకం) పేజీ ఏది" అంటే అందివ్వాలి, అంతే. గది ఎలా ఉంటుందంటే, ఛైర్మన్ మధ్యలో, రెండు వైపులా సభ్యులు, ఛైర్మన్ పక్కన అకౌంటెంట్ జనరల్ (ఏజీ) లేదా ఆయన మనిషి. ఈయన్ని చూసి భయపడతారు గానీ, ఆయన పని కమిటీకి లెక్క వివరించడం, మీతో వాదించడం కాదు. ఎదురుగా మీ శాఖవాళ్లు.

ఇక జవాబు. కాగ్ రిపోర్టులో పేరా ఒక్కరోజులో పుట్టదు. మొదట ఆడిట్ పార్టీ మీ డివిజన్‌కే వచ్చి అరమార్జిన్ (జవాబు కోరే ఆడిట్ మెమో) ఇచ్చి ఉంటుంది, తర్వాత తనిఖీ నివేదిక, ఆ తర్వాత డ్రాఫ్ట్ పేరా మీ సెక్రటరీకి వెళ్లి ఉంటుంది. ఆ ప్రతి దశలోనూ ఎవరో ఒకరు ఏదో ఒక జవాబిచ్చి ఉంటారు. మొదటి పని ఆ పాత జవాబులు పట్టుకోవడం, ఎందుకంటే మీరిప్పుడు ఇచ్చేది వాటికి విరుద్ధంగా ఉంటే కమిటీ ముందు మీ సెక్రటరీ ఇరుక్కుంటారు, ఆయన తర్వాత ఎవరిని వెతుకుతారో చెప్పక్కర్లేదు. డివిజన్‌లో దొరక్కపోతే సర్కిల్ ఆఫీసులో, అక్కడా లేకపోతే ఏజీ ఆఫీసుకే ఉత్తరం రాసి కాపీలు అడగొచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

తర్వాత పేరాను వాక్యాలుగా విడగొట్టండి. ఈ వాక్యం నిజం, ఈ వాక్యం నిజమే గానీ కారణం ఉంది, ఈ అంకె తప్పు, అని పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. నిజమైనదాన్ని ఒప్పుకోండి. కారణం చెప్పేటప్పుడు కాగితం నంబరు చెప్పండి: భూసేకరణ ఆలస్యమైతే ఆ ఉత్తరం తేదీ, గడువు పెంచితే ఆ ఈఓటీ ఉత్తర్వు నంబరు, కాంట్రాక్టర్ నుంచి వసూలు చేసి ఉంటే చలానా నంబరు. వసూలు కాకపోతే ఎందుకు కాలేదో, కోర్టులో ఉంటే కేసు నంబరు. "తగు చర్యలు తీసుకోబడుచున్నవి" అని మాత్రం రాయకండి, దయచేసి. ఆ వాక్యం చూడగానే సభ్యులకు చేతికి పని దొరుకుతుంది. ఏ చర్య, ఎవరు, ఎప్పటిలోగా అని మూడు ప్రశ్నలు అక్కడికక్కడే పుడతాయి.

తెలియనిది తెలియదనడం నేరం కాదు. విచారణలో "ఈ వివరం ఇప్పుడు దగ్గర లేదు, రాతపూర్వకంగా పంపుతాం" అంటే కమిటీ మామూలుగా ఒప్పుకుంటుంది. కావాలని అబద్ధం చెప్పడం, కాగితం దాచడం మాత్రం సభా హక్కుల ఉల్లంఘన అవుతుంది. పై నుంచి ఎవరైనా "ఆ పేజీ లేదని రాసెయ్" అంటే, ఆ మాట ఫైలు నోట్‌లో రాసి ఇవ్వమని అడగండి. రాసివ్వరు. అప్పుడు మీరూ రాయనక్కర్లేదు. రిటైరైన ఈఈకి ఒకసారి ఫోన్ చేయండి, అప్పట్లో ఏం జరిగిందో కాగితాల్లో లేనిది ఆయన చెప్తారు, ఏ కాగితం ఎక్కడుంటుందో కూడా. ఇంకా ఒకటి, లోపల జరిగింది ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, నివేదిక వచ్చేదాకా అది బయటికి రాకూడదు.

ప్రశ్న: గ్రూప్-1కి చదువుతున్నా. పీఏసీ, అంచనాల కమిటీ, పీయూసీ ఎప్పుడూ కలిసిపోతాయి. గుర్తుపెట్టుకునే మార్గం చెప్పండి. – ఎస్వీయూ విద్యార్థి

జవాబు: ఖర్చయిపోయాక అడిగేది పీఏసీ, ఖర్చు పెట్టే పద్ధతి మీద ముందుచూపుతో సలహా ఇచ్చేది అంచనాల కమిటీ, ప్రభుత్వ కంపెనీల సంగతి చూసేది పీయూసీ. పార్లమెంటు అంకెలు కావాలంటే: పీఏసీ 1921 నుంచి ఉంది, ఇప్పుడు 22 మంది, లోక్‌సభ 15, రాజ్యసభ 7. అంచనాల కమిటీ 1950, 30 మంది, అందరూ లోక్‌సభవాళ్లే, రాజ్యసభకు చోటు లేదు, ప్రశ్న ఇక్కడే వేస్తారు. పీయూసీ 1964, మళ్లీ 22. వీటిలో దేనిలోనూ మంత్రి సభ్యుడుగా ఉండకూడదు. శాఖలవారీ స్టాండింగ్ కమిటీలు 1993లో 17తో మొదలై 2004లో 24 అయ్యాయి, ఒక్కోదానిలో 31 మంది.

అంచనాల కమిటీని గుర్తుపెట్టుకోవడానికి మీకు ఎక్కడికీ పోనక్కర్లేదు. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ ఆ కమిటీ తొలి రోజుల్లో దాన్ని నడిపారు. 1952లో తిరుపతి నుంచి లోక్‌సభకు వెళ్లి డిప్యూటీ స్పీకర్ అయ్యారు, 1956లో అప్పటి స్పీకర్ మావలంకర్ చనిపోయాక స్పీకర్ అయ్యారు. మీరు చదివే యూనివర్సిటీ నుంచి ఆయన ఊరికి ఆటోలో పోవచ్చు.

ప్రశ్న: మూడు రాజధానుల బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపారు కదా, ఆ కమిటీ ఏం తేల్చింది? – చంద్రగిరి

జవాబు: ఏమీ తేల్చలేదు, అసలు ఏర్పడితే కదా. 2020 జనవరి 22న మండలి ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్ తన విచక్షణాధికారంతో పంపుతున్నానన్నారు, కమిటీని మాత్రం వేయలేదు, దాని మీద ఎవరి వాదన వాళ్లకుంది. ఆ జులైలో గవర్నర్ ఆమోదంతో చట్టాలయ్యాయి, 2021 నవంబర్‌లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది.

ప్రశ్న: వక్ఫ్ బిల్లు మీద జేపీసీ (పార్లమెంటు ఉభయసభల సంయుక్త కమిటీ) జనం అభిప్రాయాలు అడిగితే నేను కూడా ఈమెయిల్ పంపాను. లక్షల్లో వచ్చాయట. ఎవరైనా చదివారంటారా? మళ్లీ ఇంకో బిల్లుకు పంపడం దండగ కాదా? – యువకుడు, తిరుపతి

జవాబు: 97 లక్షలకు పైగా వచ్చాయి. 31 మంది సభ్యులు అవన్నీ చదివారని చెప్తే మీరు నవ్వుతారు. అనుకూలమో వ్యతిరేకమో ఎవరో తయారుచేసిచ్చిన ఒకే మెసేజీని వేలమంది పంపితే, దాన్ని చదవడం అనరు, లెక్కపెట్టడం అంటారు. అలాగని దండగ కూడా కాదు. 2009–14 మధ్య బిల్లుల్లో 71 శాతం కమిటీలకు వెళ్లాయి, 2019–24 లోక్‌సభలో 16 శాతమే. అడగడమే తగ్గిపోయిన రోజుల్లో అడిగినప్పుడు చెప్పకపోవడం మనకే నష్టం. ఈసారి ఫార్వర్డ్ మెసేజీ పంపకండి. బిల్లులో ఏ క్లాజ్ మీద మాట్లాడుతున్నారో దాని నంబరు పెట్టి, ఆ క్లాజ్‌లో ఏ మాట మార్చాలో, మార్చకపోతే మీ వీధిలోనో మీ వృత్తిలోనో ఏం ఇబ్బంది వస్తుందో రెండు పేజీలు మించకుండా రాయండి. కమిటీ ముందుకు వచ్చి మాట్లాడాలని ఉంటే ఆ ముక్క కూడా అందులోనే రాయాలి, పత్రికా ప్రకటనలో దానికి గడువు ఇస్తారు, మామూలుగా రెండు వారాలు. ఇక్కడి నుంచి పోస్టు ఢిల్లీ చేరేసరికే అందులో నాలుగైదు రోజులు పోతాయి, కాబట్టి ఈమెయిల్ పంపి, స్పీడ్ పోస్టులో కూడా వేయండి.